డిస్నీ వరల్డ్‌లో భోజనాల ప్లాన్: ఒకే కుటుంబం, రెండు గదులు, రెండు లెక్కలు

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి పిల్లల్ని తీసుకెళ్లాలనుకునే తెలుగువాళ్లు టికెట్ల గురించి ఎంత ఆలోచిస్తారో, ముందే డబ్బు కట్టే డైనింగ్ ప్లాన్ గురించి కూడా అంతే ఆలోచించాలి. 2020 మార్చిలో ఆగిపోయిన ఆ ప్లాన్ 2024 జనవరి 9న మళ్లీ మొదలైంది. 2024 జూన్‌లో వెళ్లొచ్చిన ఆరుగురి బృందం లెక్క ఇది, ధరలన్నీ అప్పటివే. రసీదులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

ఆరుగురంటే వేసవికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లిద్దరు, మేమిద్దరం, పదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. పెద్దవాళ్లు పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. వేల్యూ (చవక) తరగతి హోటల్లో మామూలు గదికి నలుగురే కాబట్టి రెండు గదులు, రెండు వేర్వేరు రిజర్వేషన్లు. ప్లాన్ విషయంలో ఇది చాలా పెద్ద సౌకర్యం. ఒక రిజర్వేషన్‌లో ఒకరు ప్లాన్ తీసుకుంటే మూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ అదే ప్లాన్ తీసుకోవాలి, ఉన్న అన్ని రాత్రులకూ తీసుకోవాలి. రిజర్వేషన్లు వేరైతే ఏ గది నిర్ణయం ఆ గదిది. నలుగురున్న గదికి ప్లాన్ తీసుకుని, పెద్దవాళ్ల గదికి వదిలేశాం.

2024లో ప్లాన్లు రెండు రకాలు. క్విక్ సర్వీస్ ప్లాన్‌లో బస చేసే ఒక్కో రాత్రికి రెండు కౌంటర్ భోజనాలు (కౌంటర్ నుంచి మనమే తెచ్చుకునేవి), ఒక స్నాక్. ఒక్కో రాత్రికి ధర పెద్దలకు 57.01 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 23.83. రెండోది అసలు డైనింగ్ ప్లాన్. అందులో కూర్చుని తినే టేబుల్ భోజనం ఒకటి, కౌంటర్ భోజనం ఒకటి, స్నాక్ ఒకటి. ధర 94.28, పిల్లలకు 29.69. రెండింట్లోనూ పానీయాలు నింపుకునే మగ్గు మనిషికొకటి ఇస్తారు. పన్ను కలిసే ఉంటుంది, టిప్పు కలవదు. పదో పుట్టినరోజు దాటిన పిల్లలు డిస్నీ లెక్కలో పెద్దవాళ్లే, కాబట్టి పాపకు ఒక్కో రాత్రికి 94.28 కట్టాల్సి వచ్చింది. మూడేళ్లలోపు పిల్లలకు ఏమీ కట్టక్కర్లేదు, వాళ్లు మన పళ్లెంలోంచి తినొచ్చు.

నాలుగు రాత్రులకు ఆ గది ప్లాన్ ఖర్చు 1,250 డాలర్లు.

జూన్ 10, సోమవారం: పాప్ సెంచురీ హోటల్

ప్లాన్ రాత్రుల లెక్కన నడుస్తుంది, రోజుల లెక్కన కాదు. నాలుగు రాత్రులంటే నలుగురికీ కలిపి పదహారు టేబుల్ భోజనాలు, పదహారు కౌంటర్ భోజనాలు, పదహారు స్నాక్‌లు. చెకిన్ రోజు నుంచే వాడుకోవచ్చు, చెకౌట్ రోజు అర్ధరాత్రికి మిగిలినవన్నీ పోతాయి. ఇవన్నీ గది ఖాతాలో ఒకే కుప్పగా ఉంటాయి. ఒక రోజు ఎనిమిది వాడి మర్నాడు ఏదీ వాడకపోయినా అడిగేవాళ్లుండరు. రోజుకు రెండు భోజనాలే కాబట్టి మూడో పూట మన జేబులోంచే. పొద్దున్న పూట గదిలోనే కానిచ్చేసేవాళ్లకు ఈ అమరిక సరిగ్గా సరిపోతుంది. మూడు పూటలా బయట తినేవాళ్లకు ప్లాన్ ఉన్నా రోజూ అదనపు ఖర్చు తప్పదు.

అందుకే విమానాశ్రయం నుంచి వస్తూ దారిలో ఇండియన్ గ్రోసరీ దగ్గర ఆగడం ఈ ప్రయాణంలో అన్నిటికంటే లాభసాటి పని. పాలు, పెద్ద డబ్బా పెరుగు, అరటిపళ్లు, బ్రెడ్డు, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకుల కప్పులు, తొంభై సెకన్లలో వేడయ్యే అన్నం ప్యాకెట్లు, చిన్న ఊరగాయ సీసా. అన్నీ కలిపి 60 డాలర్లు. పాప్ సెంచురీ గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉండదు. అది కింద ‘ఎవ్రీథింగ్ పాప్’ ఫుడ్ కోర్టులో ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చు. గదిలో కాఫీ మెషీన్‌తో వేడినీళ్లు పట్టుకోవాలంటే మొదట రెండుసార్లు ఉత్త నీళ్లు పోసి వదలాలి. లేకపోతే ఉప్మాకి కాఫీ వాసన పడుతుంది.

రాత్రి భోజనం ఫుడ్ కోర్టులో. కౌంటర్ భోజనమంటే ఒక ప్రధాన వంటకం, ఒక పానీయం. డెజర్ట్ లేదు. వంటకం 12 నుంచి 16 డాలర్లు, పానీయం 5. పన్ను 6.5 శాతం. అంటే పెద్దల భోజనం విలువ 20 చుట్టూ తిరుగుతుంది, పిల్లలది 9. తొమ్మిది డాలర్ల వంటకం తీసుకున్నా, పదహారు డాలర్లది తీసుకున్నా తరిగేది ఒక్క క్రెడిట్టే (ఖాతాలో ఒక పూట వాటా). కాబట్టి ప్లాన్ ఉన్నవాళ్లు ధర చూసి తక్కువది ఎంచుకునే అలవాటును ఆ కొద్దిరోజులూ పక్కన పెట్టాలి. ప్లాన్ లేనివాళ్లు పానీయం మానేసి, కౌంటర్లో ఐసు నీళ్ల కప్పు అడగాలి. డబ్బు తీసుకోరు. ప్లాన్ లేనివాళ్లకు పూటపూటకూ మిగిలే ఐదు డాలర్లు ఇవే. పెద్దవాళ్లిద్దరికీ ఒక కూరగాయల పిజ్జా సరిపోయింది. అమెరికా కొలతల్లో ఒక పళ్లెం ఇద్దరు పెద్దవాళ్లకు చాలు. ప్లాన్‌లో ఆ సర్దుబాటుకి విలువ లేదు, ఇద్దరికీ డబ్బు ముందే కట్టేసి ఉంటుంది.

మగ్గు విషయంలో చాలామంది పొరబడతారు. విడిగా కొంటే 22 డాలర్ల దాకా ఉండేది. దానికి చిప్ ఉంటుంది. ఉన్నన్నాళ్లూ కాఫీ, టీ, కూల్ డ్రింకులు ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు, కానీ హోటళ్లలోనే. పార్కుల్లో పనికిరాదు. పొద్దున్న తొమ్మిదికి వెళ్లి రాత్రి పదికి వచ్చే కుటుంబానికి ఈ మగ్గు రెండు కాఫీల సంగతి. పొద్దున్నే వేడివేడిగా టీ పడితే గానీ కదలని పెద్దవాళ్లుంటే ఒక్క మగ్గు విడిగా కొన్నా తప్పులేదు.

జూన్ 11, మంగళవారం: మ్యాజిక్ కింగ్‌డమ్, షెఫ్ మిక్కీస్

బయటి తిండి పార్కులోకి తీసుకెళ్లొచ్చని చాలామందికి తెలియదు. మద్యం, గాజు సీసాలు, వేడి చేయాల్సిన పదార్థాలు, విడి ఐసు కుదరవు. తక్కినవన్నీ సరే. ఊరగాయ సీసా గాజుది కాబట్టి ముందు రాత్రే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాలి. చల్లదనానికి గడ్డకట్టిన జెల్ ప్యాక్ పెట్టుకోవాలి. జూన్ ఎండలో పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచాలు వేసి కలిపితే పన్నెండింటికి సరిగ్గా తోడుకుని ఉంటుంది. బ్యాగులు చూసే దగ్గర డబ్బా మూత తీయమంటే తీసి చూపించి ‘రైస్ అండ్ యోగర్ట్’ అంటే సరిపోతుంది.

మధ్యాహ్నం ఫ్రాంటియర్‌ల్యాండ్‌లోని పెకోస్ బిల్‌లో తిన్నాం. అన్నం, బీన్స్ కలిసిన మెక్సికన్ తరహా గిన్నె మన నాలుకకి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ వరుసలో నిలబడక్కర్లేదు, ఫోన్ యాప్‌లో ఆర్డర్ చేయాలి. ముందు సమయం ఎంచుకోవాలి, అక్కడికి చేరాక ‘వచ్చేశాం’ అనే బటన్ నొక్కాలి. అది నొక్కేదాకా వంట మొదలవదు. పన్నెండున్నరకి చూస్తే దగ్గరి సమయాలన్నీ అయిపోతాయి, పదిన్నరకే పెట్టేసుకోవాలి. డబ్బు కట్టే తెరమీద ప్లానా, కార్డా అని అడుగుతుంది. రెండు గదులవాళ్లు కలిసి తింటున్నప్పుడు ప్లాన్ గదికి ఒక ఆర్డర్, కార్డుకి ఇంకో ఆర్డర్ వేరువేరుగా పెట్టాలి. ఒకే బుట్టలో కలిపేస్తే అక్కర్లేని చోట క్రెడిట్ తెగుతుంది. ఎన్ని మిగిలాయో రసీదు కింద ముద్రిస్తారు. ప్రతిసారీ అక్కడే చూసుకోవడం మంచిది.

స్నాక్ క్రెడిట్‌తో మంచినీళ్ల బాటిల్ కూడా కొనొచ్చు. కానీ కొనకూడదు. ఊరికే దొరికే నీళ్ల మీద ఆరు డాలర్ల విలువ పోగొట్టుకోవడం అది. అడ్వెంచర్‌ల్యాండ్‌లోని అలోహా ఐల్ దగ్గర దొరికే పైనాపిల్ డోల్ విప్ ఆ విలువకి సరిగ్గా సరిపోతుంది. అందులో పాలు, గుడ్డు లేవు, పెద్దవాళ్లు నిశ్చింతగా తినొచ్చు.

సాయంత్రం షెఫ్ మిక్కీస్. ఇది పార్కులో లేదు, పక్కనున్న కంటెంపరరీ హోటల్ నాలుగో అంతస్తులో ఉంది. పార్కు గేటు బయట మోనోరైళ్లు రెండు రకాలు. ఎక్స్‌ప్రెస్ ఆ హోటల్ కడుపులోంచే దూసుకుపోతుంది గానీ ఆగదు, నేరుగా పార్కింగ్ వైపు తీసుకెళ్లి దింపుతుంది. అక్కడినుంచి వెనక్కి రావడానికి అరగంట పోతుంది, చేతిలో ఉన్న టేబుల్ సమయం దాటిపోతుంది. ఎక్కాల్సింది రిసార్ట్ మోనోరైల్. అంతకంటే సులువు నడక. గేటు దాటి హోటల్ వైపు కాలిబాట పట్టుకుంటే పది, పన్నెండు నిమిషాలు.

పెద్దవాళ్లు మధ్యాహ్నమే గదికి వెళ్లి విశ్రాంతి తీసుకున్నారు. ఇది ఖర్చు కోసమే కాదు. ఎండలో పన్నెండు గంటలు నడవలేని వయసుకి రోజంతా పార్కు వద్దు, అప్పుడు రోజంతటి భోజనాల ప్లానూ వద్దు. రాత్రి వాళ్లు ఫుడ్ కోర్టులో అన్నం ప్యాకెట్ వేడి చేసుకుని పెరుగు, ఊరగాయతో తిన్నారు.

షెఫ్ మిక్కీస్ రాత్రి బఫే పెద్దలకు 66 డాలర్ల దాకా, పిల్లలకు 42 దాకా ఉండేది. మిక్కీ, మిన్నీ, డోనాల్డ్, గూఫీ, ప్లూటో టేబుల్ దగ్గరికే వస్తారు. మనం లేచి వెళ్లకూడదు, వరుస కట్టకూడదు. పళ్లెం పట్టుకుని బఫే వైపు వెళ్లినప్పుడు మిక్కీ వచ్చి వెళ్లిపోతే పిల్లవాడి ఏడుపు ఆపలేం. అందుకే కూర్చోగానే వడ్డించేవాళ్లను ‘ఇప్పుడు ఎవరు ఎటు ఉన్నారు’ అని అడగాలి. వాళ్లే చెప్తారు, ‘ఒక్క ఐదు నిమిషాలు ఆగండి’ అని. సంతకాల పుస్తకం తెరిచి, లావుపాటి పెన్ను మూత తీసి పెట్టుకోవాలి. ఆ తొడుగు వేళ్లతో సన్నటి పెన్ను పట్టుకోలేరు. మధ్యలో అందరూ నాప్‌కిన్లు తల మీద గిరగిరా తిప్పే వేడుక ఒకటుంది. మొహమాటపడి కూర్చునేవాళ్లు మనవాళ్లలోనే ఎక్కువ. తిప్పాలి, పిల్లలకు అదే గుర్తుంటుంది.

ఈ ఒక్క పూటలోనే ప్లాన్ బలం తెలుస్తుంది. పిల్లవాడి రోజు మొత్తం ప్లాన్ 29.69. అతని బఫే ఒక్కటే పన్నుతో 45. పెద్దలకు 94.28లో బఫే పన్నుతో 70 తేలింది, మధ్యాహ్నం కౌంటర్ 21, స్నాక్ 7, మగ్గు వాటా 6. కలిపితే 104. అంటే మిక్కీ లాంటి డిస్నీ పాత్రలు వచ్చే బఫే ఉన్న రోజు గట్టెక్కుతుంది, అదీ పది డాలర్లతో.

బిల్లు మీద సున్నా అని కనిపిస్తుంది, దాని కింద టిప్పు గడి ఖాళీగా ఉంటుంది. నలుగురి బఫే విలువ 240 కాబట్టి 18 శాతం చొప్పున 43 డాలర్లు. ఆ మేజా దగ్గర రెండు గంటలు పరుగులు పెట్టిన మనిషి జీతంలో ఎక్కువ భాగం అదే. ప్లాన్ తీసుకున్నాం కదా అని ఆ గడి ఖాళీగా వదిలేయడం అక్కడ చాలా తప్పు. ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది కూర్చుంటే 18 శాతం వాళ్లే వేస్తారు. అప్పుడు మళ్లీ విడిగా ఇవ్వక్కర్లేదు, బిల్లు చూసుకోవాలి.

జూన్ 12, బుధవారం: ఎప్‌కాట్

పాప్ సెంచురీ నుంచి స్కైలైనర్ అనే తీగబండి వెళ్తుంది. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర దిగి ఎప్‌కాట్ పార్కు వైపు మారాలి. ఇది పార్కు ముందు గేటుకి కాదు, ఫ్రాన్స్, బ్రిటన్ మంటపాల మధ్య ఉన్న వెనక గేటుకి చేరుస్తుంది. దేశాల మంటపాలు పదకొండింటికి గానీ పూర్తిగా తెరవవు. మెరుపులుంటే స్కైలైనర్ ఆపేస్తారు, జూన్‌లో మధ్యాహ్నం వాన దాదాపు రోజూ ఉంటుంది. అప్పుడు ముందు గేటు దాకా నడిచి బస్సు పట్టుకోవాలి. సాయంత్రం టేబుల్ బుక్ చేసుకున్నవాళ్లు ఈ అరగంటను లెక్కలో ఉంచుకోవాలి.

సరస్సు చుట్టూ పదకొండు దేశాలు: మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. ఇండియా లేదు. ఇన్నేళ్లయినా లేకపోవడం బాధగానే ఉంటుంది. మధ్యాహ్నం మెక్సికో దగ్గర సరస్సు ఒడ్డున చీజ్ ఎంపనాడాలు తిన్నాం, మన కజ్జికాయ ఆకారమే, లోపల మాత్రం ఉప్పటి చీజ్. పక్కనే నార్వే బేకరీలో స్కూల్ బ్రెడ్ అని ఒకటి ఉంది. యాలకుల బన్ను, మధ్యలో కస్టర్డ్, అంచున కొబ్బరి. యాలకుల వాసనకి పెద్దవాళ్లు ఆగిపోయారు గానీ కస్టర్డ్‌లో గుడ్డు ఉంటుంది. స్నాక్ క్రెడిట్లు పిల్లలకు వాడాం.

గుడ్డు తినని శాకాహారులు ఇక్కడ ఎలా అడగాలో చెప్పాలి. ‘వెజిటేరియన్’ అంటే వాళ్ల లెక్కలో గుడ్డు, పాలు సరే. ‘వీగన్’ అంటే పాలు, పెరుగు, నెయ్యి కూడా తీసేస్తారు. మెనూల్లో ఆకుపచ్చ ఆకు గుర్తు ఉంటే జంతు సంబంధమైనది ఏదీ లేదని అర్థం, కౌంటర్లలో ఆ గుర్తును నమ్మొచ్చు. కూర్చుని తినేచోట మాత్రం ‘మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, జెలటిన్ (జంతువుల నుంచి తీసే జిగురు) వద్దు, పాలు పెరుగు పర్వాలేదు’ అని విడివిడిగా చెప్పాలి. సూపులు, అన్నం చికెన్ స్టాక్‌తో వండారేమో అడగాలి. బంగాళాదుంప వేపుళ్లు చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారా అనీ అడగాలి. అడిగితే విసుక్కోరు. ‘ఎలర్జీలు, తినకూడనివి ఏమైనా ఉన్నాయా’ అని వాళ్లే ముందు అడుగుతారు, తరచూ షెఫ్ స్వయంగా వస్తారు. ఇవన్నీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పెద్దవాళ్ల చేతిలో పెడితే, మనం పక్కన లేకపోయినా వాళ్లు చూపించుకోగలరు.

సాయంత్రం ‘ద ల్యాండ్’ భవనంలో గార్డెన్ గ్రిల్. రెస్టారెంట్ మొత్తం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంటుంది. కింద తోటల్లో పండించిన కూరగాయలు కొన్ని ఇక్కడి వంటకు వాడతారు. పెద్ద పళ్లేల్లో తెచ్చి మధ్యలో పెడతారు, కావలసినంత మళ్లీ తెస్తారు. చిప్, డేల్ ఉడుతలు వస్తాయి. పెద్దలకు 62, పిల్లలకు 40 దగ్గర ఉండేది. అదే భవనం కింది అంతస్తులో సన్‌షైన్ సీజన్స్ అనే కౌంటర్ రెస్టారెంట్ ఉంది. పెద్దవాళ్లిద్దరూ అక్కడ పదిహేడు డాలర్లకి తిని, బల్లల దగ్గర చల్లగా కూర్చున్నారు. ఒకే కప్పు కింద ఒకరికి ప్లాన్ భోజనం, ఇంకొకరికి మామూలు భోజనం కుదిరే చోటు కావాలంటే ఇంతకంటే మంచిది లేదు.

టేబుల్ భోజనంలో పెద్దలకు పానీయం కింద 21 దాటినవాళ్లకు బీరు, వైను, కాక్‌టెయిల్ కూడా వస్తాయి. కాక్‌టెయిల్ ఒక్కటి 15 డాలర్ల పైమాటే. మద్యం తాగని ఇంట్లో ఆ విలువ రోజూ పోతుంది. దాని బదులు ఖరీదైన స్మూతీలు, మద్యం లేని ప్రత్యేక పానీయాలు అడగొచ్చు. చాలామంది అలవాటుగా కోక్ అనేస్తారు.

జూన్ 13, గురువారం: యానిమల్ కింగ్‌డమ్

పొద్దున్నే సఫారీ, పదకొండున్నరకి టస్కర్ హౌస్ బఫే. డోనాల్డ్ సఫారీ బట్టల్లో వస్తాడు, మిక్కీ, డైసీ, గూఫీ కూడా. ఇక్కడికి పెద్దవాళ్లనూ తీసుకొచ్చాం. మనవళ్లతో ఒక్క బఫే అయినా కలిసి తినాలి, అది ఖర్చు లెక్కలోకి రాదు. ఈ బఫేనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆఫ్రికా రుచులు కాబట్టి మసాలా ఉంటుంది, కూరగాయల వంటకాలు, రొట్టెలు, సలాడ్లు ఎక్కువ. షెఫ్ వెంట వచ్చి బఫే మొత్తం నడిపించి ఏది తినొచ్చో, ఏది కూడదో చూపించారు. వాళ్లిద్దరికీ పన్నుతో 132, ఆరుగురం కాబట్టి మొత్తం మీద టిప్పు 63 వాళ్లే వేశారు. ఇక్కడి ఉద్యోగుల ఛాతీ మీద పేరుతోపాటు సొంత ఊరు కూడా రాసి ఉంటుంది. అది చదివి ఊరి గురించి ఒక్క మాట అడిగితే ముఖం వెలిగిపోతుంది. పెద్దవాళ్లకి వచ్చీరాని ఇంగ్లీషులో కూడా ఆ కబురు బాగా నడిచింది.

ఈ పార్కులో ప్లాస్టిక్ స్ట్రాలు, మూతలు ఇవ్వరు, జంతువుల కోసం. చిన్నపిల్లలుంటే మూతున్న కప్పు మనమే తెచ్చుకోవాలి.

పార్కు త్వరగా మూస్తారు. సాయంత్రం ఐదుకల్లా అదే పార్కులో పండోరా విభాగంలోని సాటులి క్యాంటీన్‌కి వెళ్లడం మంచిది. గిన్నె మనమే కూర్చుకోవాలి: కింద అన్నమో, నూడుల్సో, దుంపలో, పైన చికెన్, బీఫ్, లేదా కారం టోఫూ, ఆపైన సాస్. బీఫ్ తిననివాళ్లు యాప్‌లో ఎంచుకునేటప్పుడు పైన ఏముందో ఇంకోసారి చూసుకోవాలి. కౌంటర్ భోజనాల్లో మనవాళ్లకి అన్నిటికంటే నచ్చేది ఇదే. పదహారు డాలర్ల దాకా ఉండే ఈ గిన్నెకి పానీయం కలిపితే ఒక కౌంటర్ క్రెడిట్‌కి అందే గరిష్ట విలువ దాదాపు ఇదే.

జూన్ 14, శుక్రవారం: సనా

చెకౌట్ చేసి పెట్టెలు హోటల్ సామాను చూసే బెల్ సర్వీసెస్ దగ్గర వదిలేశాం. విమానం రాత్రికి కాబట్టి చివరి నాలుగు టేబుల్ క్రెడిట్లు మధ్యాహ్నానికి ఉంచుకున్నాం. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. యానిమల్ కింగ్‌డమ్ పార్కు దాకా ఒక బస్సు, అక్కడినుంచి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కి ఇంకోటి. లాడ్జ్‌కి రెండు భవనాలు: జాంబో హౌస్, కిడానీ విలేజ్. మేం తినబోయే సనా రెస్టారెంట్ ఉన్నది కిడానీలో. జాంబో దగ్గర దిగి బోమా అనే వేరే రెస్టారెంట్ ముందు నిలబడేవాళ్లు రోజూ ఉంటారు. అక్కడినుంచి కాలిబాటన పది నిమిషాలు.

కిటికీ బయట గడ్డిమైదానంలో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. కిటికీ పక్క బల్ల కావాలంటే చెప్పి కాసేపు ఆగాలి. ఇక్కడి బ్రెడ్ సర్వీస్ కోసమే చాలామంది వస్తారు: నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా వగైరా ఐదు రకాల రొట్టెలు, తొమ్మిది రకాల చట్నీలు, రైతా, వెల్లుల్లి పచ్చడితో సహా. చింతపండు చట్నీ తగలగానే పెద్దవాళ్లు ఈ ప్రయాణంలో మొదటిసారి ఇంకాస్త పెట్టమన్నారు. అయితే అది స్టార్టర్ల కింద ఉంది. ప్లాన్‌లో టేబుల్ భోజనమంటే ప్రధాన వంటకం, డెజర్ట్, పానీయమే. స్టార్టర్ రాదు. సనాకి వెళ్లి బ్రెడ్ సర్వీస్ తినాలంటే ప్లాన్ ఉన్నవాళ్లూ డబ్బు కట్టాల్సిందే. ప్లాన్ లేని పెద్దవాళ్లు అదీ, ఒక కూరగాయల వంటకమూ పంచుకున్నారు, 50 డాలర్లలో అయిపోయింది. మా వైపు బటర్ చికెన్, డెజర్ట్, పానీయం కలిపితే మనిషికి 45. బఫేల కంటే ఇరవై తక్కువ, తరిగింది మాత్రం అదే ఒక్క క్రెడిట్. సిండరెల్లా రాయల్ టేబుల్ వంటి చోట్ల తలకి రెండు క్రెడిట్లు పోతాయి, నాలుగు రాత్రుల ప్లాన్‌లో అది సగం.

హోటల్‌కి తిరిగొచ్చాక నాలుగు స్నాక్‌లు మిగిలాయి. విమానంలోకి తీసుకెళ్లే ప్యాకెట్లతో వాటిని తీర్చుకోవచ్చు. మిక్కీ ఆకారపు రైస్ క్రిస్పీలు అందంగా ఉంటాయి గానీ మార్ష్‌మాలో కాబట్టి జెలటిన్ ఉంటుంది. కుకీలు, చాక్లెట్లు తీసుకున్నాం.

ఇక లెక్క. ప్లాన్‌లో తిన్నవన్నీ విడిగా కొంటే పన్నుతో పెద్దలకు మనిషికి 386 అయ్యేది, ప్లాన్‌కి కట్టింది 377. పిల్లవాడికి 233 అయ్యేది, కట్టింది 119. గది మొత్తం మీద లాభం 140 డాలర్లు. ఇందులో 114 ఐదేళ్లవాడిదే. బఫేలు పదేళ్లు దాటిన పాపకీ పెద్దల ధరే వేస్తాయి కాబట్టి ఆమె లెక్క పెద్దల లెక్కే. మూడు బఫేల్లో ఒకటి తీసేసి మామూలు టేబుల్ భోజనం పెట్టినా పెద్దలకు ప్లాన్ నష్టమే.

కానీ అసలు పోల్చాల్సింది దానితో కాదు. ప్లాన్ లేకపోతే ఏం తినేవాళ్లం? పాత్రలు వచ్చే బఫే ఒక్కటి, మిగతావి కౌంటర్ భోజనాలు, ఊరికే దొరికే నీళ్లు, రెండు స్నాక్‌లు. టిప్పుతో సహా పెద్దలకు మనిషికి 200 చుట్టూ. ప్లాన్‌కి టిప్పులు కలిపితే 420. గదికి 650 డాలర్ల పైచిలుకు తేడా. పెద్దవాళ్లిద్దరికీ గ్రోసరీ, బఫే, టిప్పులతో కలిపి దాదాపు 380 అయింది. వాళ్లకీ ప్లాన్ తీసుకుని ఉంటే టిప్పులు కాకుండానే 754.

రెండు గదులు తీసుకునేవాళ్లు మనుషుల్ని పంచుకునేటప్పుడు నిద్ర సౌకర్యం కాదు, భోజనం చూసుకోవాలి. పాత్రల బఫేలన్నిటికీ ఎవరు వెళ్తారో వాళ్లొక గది. పదేళ్లలోపు పిల్లలు, వాళ్లతో వెళ్లే ఒక పెద్ద అన్నమాట. ఆ గదికి ప్లాన్ తీసుకోవాలి. మిగతావాళ్లు ఇంకో గదిలో కార్డుతో తినాలి. బఫేల టేబుళ్లు చెకిన్‌కి 60 రోజుల ముందు పొద్దున్న ఆరింటికి తెరుస్తారు. జూన్ 10కి ఆ తేదీ ఏప్రిల్ 11. హోటల్ అతిథులకు ఆ రోజే మొత్తం బసకి బుక్ చేసుకునే వీలుంటుంది. ఆ టేబుళ్లు చేతికి రాకపోతే ప్లాన్ తీసేయించాలి. టేబుల్ ఉంచుకుని వెళ్లలేకపోతే రెండు గంటల ముందైనా రద్దు చేయాలి, లేదంటే మనిషికి పది డాలర్లు.